మేత్రాణులు అడిగిన ఒక్క ప్రశ్న

మొన్న ఆదివారం ఉప్పల్ నుంచి నాచారం వైపు ఆటోలో వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ఒక ఫ్లెక్సీ కనిపించింది. పైన నీలం ఆకాశం, అందులో రెక్కలు చాపిన తెల్ల పావురం, పక్కన ఎత్తు టోపీ పెట్టుకున్న మేత్రాణుల ఫొటో. మేత్రాణులంటే బిషప్. కింద ముప్పై మంది దాకా పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు. 'భద్రమైన అభ్యంగనం స్వీకరిస్తున్న చిన్నారులకు శుభాకాంక్షలు' అని ఎర్ర అక్షరాలు. పిల్లలందరూ ఎన్నికల్లో నిలబడ్డ అభ్యర్థుల్లా బిగుసుకుని చూస్తున్నారు.

డ్రైవర్ కూడా అటే చూస్తున్నాడు.

"మేడం, గా అభ్యంగనం ఏంది? దీపావళికి మేం నూనె వెట్టుకొని తానం జేస్తం, గదేనా?"

"నూనె వరకు అదే. తానం ఉండదు," అన్నాను.

పచ్చలైటు పడ్డాక దారి పొడుగునా చెప్పుకొచ్చాను. కథోలికులు పసిపిల్లకు జ్ఞానస్నానం చేయిస్తారు. ఆ పిల్లకు మాటలు రావు కాబట్టి పెద్దలే ఆమె తరఫున 'విశ్వసిస్తున్నాం' అంటారు. పిల్లకు బుద్ధి తెలిశాక మేత్రాణులు వస్తారు. ఈసారి పిల్లే తన నోటితో ఆ మాట చెప్పాలి. అప్పుడు ఆయన నుదుటి మీద పరిమళ తైలంతో సిలువ గుర్తు వేస్తారు. పవిత్రాత్మ దిగివచ్చి వేసే ముద్ర అది అని వారి నమ్మకం. చెరగదు, రెండోసారి వేయరు.

"అంటే సిన్నప్పుడు అమ్మనాయిన జేసిన సంతకం, పెద్దగైనంక మనం మల్ల జేసుడన్నట్టు," అన్నాడు అతను. ఈ విషయాన్ని ఖండించడానికే నేను లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. వాటిలో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

"మీరు గూడ జేసుకున్నరా మేడం?"

"చేసుకున్నాను."

"గిప్పుడు గుడికేనా?"

"కాదు, మీటింగుకు. మూఢనమ్మకాల మీద మాట్లాడాలి."

అతను అద్దంలోంచి నన్ను ఒకసారి చూసి గేరు మార్చాడు. మీటింగులో నేను ఏం మాట్లాడానో నాకే సరిగా గుర్తులేదు. నా మనసంతా ఒక రేకుల గది గడప మీద ఉండిపోయింది.

అప్పటి నాచారంలో ఫ్యాక్టరీల సైరన్లే మాకు గడియారాలు. మా వరుసలో ఆరు రేకుల గదులు, అందరికీ కలిపి ఒక్క నల్లా. మధ్యాహ్నం బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి కాలిన చక్కెర వాసన వచ్చేది. గాలి మళ్లితే మందుల కంపెనీ నుంచి కుళ్లిన గుడ్ల కంపు. సరిగ్గా అన్నం ముందు కూర్చున్నప్పుడే ఈ రెండోది వచ్చేది. బాపు చనిపోయిన ఏడాదికి అమ్మ నన్ను తీసుకుని ఊరు విడిచి వచ్చి, ఇక్కడ దారం మిల్లులో చేరింది. ఆమె షిఫ్టు దిగేసరికి చీకటి పడేది. నేను బడి నుంచి వచ్చి, మెళ్లో వేలాడే తాళంచెవితో తలుపు తీసి, లోపలికి పోబుద్ధి కాక గడప మీదే కూర్చునేదాన్ని. వరుసలోని పిల్లలు నన్ను 'సిలువ పిల్ల' అనేవాళ్లు. ఆటలో చివరికి ఒకరు తక్కువైతేనే పిలిచేవాళ్లు.

పక్క గదిలో ఉండే చిన్నమ్మకు, నాకు రక్తసంబంధం ఏమీ లేదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. పొద్దుటి షిఫ్టు ముగించుకుని మూడింటికల్లా వచ్చేసేది. ఆమె భర్తను కాక అనేదాన్ని. ఉప్పల్‌లో లేత్ మిషన్ మీద పని, మాటలు తక్కువ. వాళ్లకు పిల్లల్లేరు.

నన్ను గడప మీద మొదటిసారి చూసిన రోజు ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏందే పిల్లా, గట్ల కూసున్నవ్? తాళంచెవి పోగొట్టుకున్నవా?"

"లే."

"మరేంది?"

"లోపట ఎవ్వరు లేరు."

"లోపట ఎవ్వరు లేకపోతే దొంగ సంబురపడాలె. నువ్వెందుకు ఏడ్పు మొఖం పెట్టినవ్? రా, బిస్కెట్లు తిందువు."

టిఫిన్ డబ్బా మూత తీస్తే నిండా విరిగిన బిస్కెట్లు. ఆ రోజు నుంచి నా సాయంత్రాలు ఆ గదిలోనే గడిచాయి. ఆమె అనాథ. ఏదో జిల్లాలో సిస్టర్ల బోర్డింగులో పెరిగింది. జపాలు, కీర్తనలు, ప్రశ్నోత్తరాలు అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. బియ్యంలో రాళ్లు ఏరుతూ నాకు ఒక్కొక్కటే చెప్పించేది. తప్పు పోతే ఒక రాయి నా వైపు విసిరేది. నా ముందు రాళ్లు పోగవుతుంటే, "ఇయ్యాల నీ బువ్వల రాళ్లే ఎక్కువున్నయ్," అని నవ్వేది.

సిస్టర్ల మఠంలో పూజలో సత్ప్రసాదంగా పంచే అప్పాలు గుండ్రంగా కత్తిరించగా మిగిలిన అంచులను మాకు గుప్పెడు గుప్పెడు ఇచ్చేవాళ్లు. ఒకరోజు వాటిని తెచ్చి, నేను ఫాదర్‌ని అయిపోయి, వరుసలోని పిల్లలందరినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి నాలుక మీద ఒక్కొక్క ముక్క పెట్టాను. సిలువ పిల్ల ముందు అంతమంది మోకరిల్లడం నాకు మహా బాగుంది. అంతలోనే మూలగది ఆమె చేటతో సహా వచ్చింది.

"ఓ పిల్లా! మా పోరగాండ్లను మీ మతంల కలుపుతున్నవానే?"

చిన్నమ్మే బయటికి వచ్చింది. "గది ఉత్త పిండి రొట్టె అక్కా. పూజల వెట్టకముందు దాంట్ల ఏముండది. సూడు, నేను గూడ తింటున్న." అని మిగిలిన ముక్కలన్నీ చేతిలో వేసుకుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్కటే నెమ్మదిగా తిన్నది. మూలగది ఆమె కూడా అనుమానంగా ఒకటి నోట్లో వేసుకుంది. "థూ, ఉప్పు లేదు, కారం లేదు. గిది తిని ఎవడు మతం మారుతడే!" అని చేట ఊపుకుంటూ వెళ్లిపోయింది.

నాకు పన్నెండో ఏట మా విచారణకు మేత్రాణులు వస్తున్నారని చాటించారు. విచారణ అంటే ఒక గుడి కింద ఉండే కుటుంబాలన్నీ. మా గుడి అప్పుడు పెద్ద రేకుల షెడ్డు, కింద చాపలు. అభ్యంగనానికి పేరు ఇచ్చిన ప్రతి పిల్లకూ ఒక జ్ఞానతల్లి కావాలి. మేత్రాణులు నూనె రాసేటప్పుడు ఆమె వెనక నిలబడి కుడిచెయ్యి పిల్ల భుజం మీద ఉంచాలి. 'ఈ పిల్ల విశ్వాసానికి నేను హామీ' అని దాని అర్థం. మాకు సత్యోపదేశం చెప్పే ఉపదేశి సారు తన రిజిస్టరులో నా పేరుకు ఎదురుగా చిన్నమ్మ పేరు రాసుకున్నారు.

ఇక రోజూ చిన్నమ్మ గదిలో నాటకమే. కాక తువ్వాలను మడిచి టోపీలా పెట్టుకుని ఆమె మేత్రాణులయ్యేది. కొబ్బరినూనె సీసాలో బొటనవేలు ముంచి నా నుదుటి మీద సిలువ గీసేది. ఆ తర్వాత చెంప మీద చిన్నగా ఒకటి తగిలించేది.

"ఎందుకు కొడ్తున్నవ్?"

"మా కాలంల మేత్రాణులు గిట్లనే కొట్టెటోడు. లోకం దెబ్బలు కొడ్తది, గట్టిగుండు అని. గిప్పుడు బంద్ జేసిన్రట."

"మరి నువ్వు బంద్ జెయ్యలే?"

"నాకు ఎవ్వరు చెప్పలే," అని ఇంకోటి తగిలించేది.

అసలు ఈ అభ్యంగనం ఎందుకని ఒకరోజు అడిగాను. పుస్తకంలో ఉన్న జవాబు నాకు వచ్చు, అర్థమే కాలేదు. ఆమె చేతిలోని చేట కింద పెట్టింది. "జ్ఞానస్నానం నాడు నీ బదులు మీ అమ్మ ఒప్పుకున్నది. గిప్పుడు నువ్వే ఒప్పుకోవాలె. రేపు పది మందిల ఎవరన్న నిన్ను అడిగితే, దాసుకోకుండ నోరు తెరిచి చెప్పాలె. గంతే బిడ్డా. నూనె గందుకే."

నేను ఊరుకునే పిల్లను కాను. "మరి నువ్వెందుకు సత్ప్రసాదం తీసుకోవు చిన్నమ్మా? పూజల సరిగ్గ గప్పుడే ఎవరి పిల్లనో ఎత్తుకొని బయటికి పోతవ్. నేను సూస్తనే ఉన్న."

ఆమె చేటను మళ్లీ ఒళ్లోకి లాక్కుని రెండు రాళ్లు ఏరింది.

"కనిపెట్టినవా," అన్నది చివరికి. "మీ కాక మనోడు కాదు. గుట్ట మీద దండలు మార్చుకున్నం. మన గుడిల పెండ్లి కాలే. కానప్పుడు సత్ప్రసాదం తీస్కోవద్దు, రూలు. మీ అమ్మక్కూడ తెల్వదు. కాకకు ఆదివారం డ్యూటీ అని చెప్పుకుంట తిరుగుతున్న."

"మరి జ్ఞానతల్లిగ ఉండొచ్చా?"

"ఉండొద్దు."

"అయితే ఎట్ల?"

"ఎవ్వరు అడగలే, నేను చెప్పలే. పదేండ్ల సంది ఆఖరి చాప మీద కూసుంటున్న బిడ్డా. ఒక్క దినం ముందటికొచ్చి నీ ఎనక నిలబడ్త. నీ కడుపుల వెట్టుకో. ఎవ్వరికీ చెప్పకు."

ఒట్టు పెట్టుకున్నాను. ఆమె అప్పటికే తెల్ల చీర ఒకటి కొని ట్రంకులో దాచింది. సన్న నీలం అంచు ఉన్న చీర.

మేత్రాణులు రావడానికి వారం ముందు ఫాదర్ మమ్మల్ని పరీక్షించడానికి వచ్చారు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్, నవ్వుమొహం. అన్ని ప్రశ్నలకూ నేనే చెయ్యి ఎత్తాను. "శభాష్ తల్లీ," అన్నారు ఆయన. "మీరూ నన్ను అడగండమ్మా. సందేహం ఉంచుకోకూడదు."

అప్పుడు నేను ఏం ఆలోచించానో స్పష్టంగా గుర్తుంది. చిన్నమ్మ దొంగలా ముందుకు రావడం నాకు ఇష్టం లేదు. ఫాదర్ మంచివాడు. నేను వరుసగా, తప్పు లేకుండా అడిగితే ఆయనే ఒప్పుకుంటాడు. అప్పుడు ఆమె దాచుకోవాల్సిన పనే ఉండదు. ఆమె పేరు ఎత్తకుండానే గెలుస్తాను అనుకున్నాను.

"ఫాదర్, అభ్యంగనంల వేసిన ముద్ర చెరిగిపోతదా?"

"పోదమ్మా. అందుకే ఒక్కసారే ఇస్తారు."

"తప్పు జేసినా?"

"తప్పు చేసినా పోదు."

"అయితే ముద్ర ఉన్నోళ్లు ఎవరైనా జ్ఞానతల్లిగ నిలబడొచ్చు గదా?"

"మంచి కథోలికులు అయితే నిలబడవచ్చు."

"జపాలన్నీ వస్తయ్, ప్రతి ఆదివారం పూజకొస్తరు. కాని గుడిల పెండ్లి కాలేదనుకోండి. గప్పుడు?"

ఫాదర్ ముఖంలో నవ్వు నెమ్మదిగా ఆరిపోయింది. "ఎవరి గురించి అడుగుతున్నావమ్మా?"

'ఎవరూ లేరు, ఊరికే' అంటే అయిపోయేది. కానీ నా వాదనలో ఒక్క మెట్టే మిగిలింది. దాన్ని ఎక్కకుండా దిగడం నాకు రాలేదు.

"ముద్ర చెరగదని మీరే అన్నరు ఫాదర్. మా చిన్నమ్మకు గూడ ఉన్నది."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఉపదేశి సారు రిజిస్టరు తెరిచి, నా పేరు వెతికి, పెన్ను మూత తీశారు. ఆ మూత తీసిన చప్పుడుకు గానీ నేనేం చేశానో నాకు తెలిసి రాలేదు. ఫాదర్ కోప్పడలేదు. "నియమం నాది కాదమ్మా," అన్నారు మెల్లగా. "నేను మార్చలేను."

పెళ్లి ఎక్కడ జరిగిందో చూసి, ఒక మనిషి చెయ్యి పిల్ల భుజం మీద ఉండొచ్చో లేదో తేల్చే ఆ నియమాన్ని నేను ఇప్పటికీ తప్పుపడతాను. ప్రేమ ఉందా, జ్ఞానం ఉందా, ఆ పిల్లకు ఈమె అక్కర ఉందా అని అడగని నియమం అది. ఏ మతం పెట్టినా, ఏ కులం పెట్టినా అన్యాయమే. వేదికల మీద ఈ మాట వందసార్లు అని ఉంటాను, చప్పట్లు కూడా పడ్డాయి. అయితే ఆ రోజు ఆ నియమాన్ని నిద్రలేపి చిన్నమ్మ ఇల్లు చూపించింది నేను. తర్కం సరిగ్గా ఉంటే తలుపు తెరుచుకుని తీరుతుందని నమ్మిన పన్నెండేళ్ల పిల్లను.

సాయంత్రం ఉపదేశి సారు మా వరుసకు వచ్చారు. చిన్నమ్మ పొయ్యి ముందు కూర్చుని మక్కజొన్న గారెలు వేస్తోంది. ఆయన చెప్పులు విప్పకుండా గడప బయటే నిలబడి, నాలుగు మాటల్లో చెప్పేశారు. ఆమె గరిటె దించలేదు. "మంచిది సారు," అన్నది. ఆయన వెళ్లాక వాయ తీసి, రెండు గారెలు గిన్నెలో వేసి నా ముందు పెట్టింది.

నేను ఏడవడం మొదలుపెట్టాను. "ఫాదర్ నిన్ను గూడ రానిస్తడు అనుకున్న చిన్నమ్మా. అందుకే అడిగిన."

"నువ్వడిగింది మంచిగనే అడిగినవ్," అన్నది నూనె వైపే చూస్తూ. "జవాబే నా మీద వడ్డది. తిను, సల్లారుతయ్."

అమ్మ షిఫ్టు నుంచి వచ్చి సంగతి విని నన్ను కొట్టింది. "గా తల్లి నిన్ను బిడ్డ లెక్క సూసుకుంటే, ఆమె కొంపనే ముంచితివి గదనే!" అని తనే ఏడ్చింది. నల్లా దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చిన్నమ్మ రాగానే మాటలు ఆపడం మొదలైంది. వాళ్ల బిందెలు నిండేదాకా ఆమె దూరంగా నిలబడేది.

మేత్రాణులు వచ్చిన రోజు రేకుల కింద జనం కిక్కిరిసిపోయారు. మల్లెపూలు, సాంబ్రాణి, చెమట, బయట పెద్ద గిన్నెల్లో ఉడుకుతున్న బగారా అన్నం వాసన. నా తెల్ల గౌను చిన్నమ్మే ఉతికి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసి అమ్మ చేతికిచ్చింది. జ్ఞానతల్లి దొరకని ఐదుగురు ఆడపిల్లలకు ఉపదేశి సారు భార్యను నిలబెట్టారు. ఆ ఐదుగురిలో నేనొకదాన్ని. చిన్నమ్మ పాత వంగపండు రంగు చీరలో, ఆఖరి చాప మీద, తలుపు పక్కన కూర్చుంది.

ప్రసంగం మధ్యలో మేత్రాణులు గద్దె దిగి మా ముందుకు వచ్చారు. తెల్లటి కనుబొమ్మలు, తాతలాంటి గొంతు. "జ్ఞానస్నానం అయిపోయింది కదా. మళ్లీ ఈ అభ్యంగనం ఎందుకు? పుస్తకంలోది వద్దు. మీ మాటల్లో చెప్పండి."

ఎవరూ లేవలేదు. ఉపదేశి సారు కళ్లతోనే నన్ను లేపారు.

"జ్ఞానస్నానంలో మా బదులు పెద్దలు ఒప్పుకున్నారు. ఇప్పుడు మేమే ఒప్పుకోవాలి. పది మందిలో ఎవరైనా అడిగితే దాచుకోకుండా నోరు తెరిచి చెప్పాలి. అందుకే," అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు. "నేనైనా ఇంత బాగా చెప్పలేను. ఎవరు నేర్పారమ్మా నీకు?"

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క పేరు. ఆ పేరు పలికితే వెనక నవ్వు వినిపిస్తుందని తెలుసు. పక్కనే ఉపదేశి సారు నిలబడి ఉన్నారు. ఆమె పేరు మీద గీత గీసిన రిజిస్టరు ఆయన చంకలోనే ఉంది. వారం కింద అడగని చోట మాట్లాడి అందరి నోళ్లలో పడ్డాను. మళ్లీ పడే ధైర్యం నాకు లేకపోయింది.

"ఉపదేశి సారు," అన్నాను.

మేత్రాణులు ఆయన వైపు చూసి తల ఊపారు. సారు సిగ్గుపడుతూ నవ్వారు. నేను వెనక్కి తిరిగాను. చిన్నమ్మ నన్నే చూస్తోంది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. ఎవరి పిల్లో కాళ్ల మీదుగా పాకుతుంటే ఆ పిల్లను పక్కకు జరిపింది.

తర్వాత వరుసలో నిలబడ్డాను. ఉపదేశి సారు భార్య నా భుజం మీద చెయ్యి వేసి, మిగిలిన నలుగురూ ఎక్కడున్నారో చూసుకుంటోంది. మేత్రాణులు వేసిన నూనె సిలువ నుదుటి మీద నుంచి ముక్కు మీదికి జారింది. పవిత్రాత్మ వచ్చిందో లేదో నాకు తెలియదు. దానికి రుజువు లేదని తర్వాత ఎన్నో వ్యాసాలు రాశాను. ఆ క్షణంలో మాత్రం ఎవరైనా వచ్చి నన్ను ఇంకోసారి అడిగితే బాగుండునని బలంగా కోరుకున్నాను. ఎవరూ అడగలేదు.

సత్ప్రసాదం వేళకు చిన్నమ్మ లేచి బయటికి వెళ్లింది. ఆ రోజు ఎవరి పిల్లనూ ఎత్తుకోలేదు. ఉత్త చేతులతోనే వెళ్లింది.

ఆ తర్వాత ఇంకో ఏడాది చిన్నమ్మ, కాక పక్క గదిలోనే ఉన్నారు. నేను గడప మీద కూర్చుంటే పిలిచి బిస్కెట్లు పెట్టేది, జడ వేసేది, ఫ్యాక్టరీ ముచ్చట్లు చెప్పేది. జపాలు మాత్రం మళ్లీ ఎన్నడూ చెప్పించలేదు. బియ్యం ఏరి రాళ్లను నేరుగా బయట పారేసేది. క్షమించమని అడగాలని నేను రోజూ అనుకునేదాన్ని. ఆమె ఏమీ జరగనట్టే ఉండటంతో ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. ఒక దసరా సెలవుల్లో అమ్మతో ఊరికి పోయి వచ్చేసరికి వాళ్ల గదికి వేరే తాళం ఉంది. కాకకు చర్లపల్లిలో పని దొరికిందని మూలగది ఆమె చెప్పింది. పెద్దయ్యాక అక్కడికి రెండుసార్లు వెళ్లి అడిగాను. లేత్ పనివాళ్లు వేలమంది ఉన్న చోటు అది. ఎవరికీ తెలియదు.

మీరు ఎప్పుడు, ఏం చదివి నాస్తికులయ్యారని సభల్లో కుర్రవాళ్లు అడుగుతారు. వాళ్లకు ఒక పుస్తకం పేరు కావాలి. నా వాదన దేవుడితో మొదలు కాలేదు. పిల్ల అడిగిన సరైన ప్రశ్నకు బదులుగా, ఏ తప్పూ చేయని ఒక ఆడమనిషిని శిక్షించిన ఒక మధ్యాహ్నంతో మొదలైంది. ఆ తర్వాత ఏ వేదిక మీదా నేను నోరు దాచుకోలేదు. రాళ్లు పడ్డాయి, కేసులు పడ్డాయి, సొంతవాళ్లు దూరమయ్యారు. వాళ్లు మెచ్చుకునే ఆ ధైర్యం నిజానికి చాలా ఆలస్యంగా, చాలా మందికి, చాలా చోట్ల చెబుతున్న ఒకే ఒక్క జవాబు. అది వినాల్సిన మనిషి మాత్రం ఏ సభలోనూ ఆఖరి వరుసలో కనిపించలేదు.

ఇదంతా రాస్తూ ఆమె పేరు దగ్గర నాలుగుసార్లు ఆగాను. రాస్తే రుణం తీరినట్టు ఉంటుందనిపించింది. కానీ ఆమె ఇంకా ఎక్కడైనా బతికి ఉండవచ్చు. ఏదో గుడిలో, ఆమె గురించి ఏమీ తెలియని మనుషుల మధ్య, ఈసారి కాస్త ముందు వరుసలో కూర్చుని ఉండవచ్చు. అందుకే రాయలేదు.

చిన్నమ్మా, నాకు నేర్పింది నువ్వే.